పిల్లల బెంటో డబ్బా: ఆరు వారాల చిట్టా

జపాన్‌లో పిల్లల లంచ్ బాక్సు, అంటే ‘బెంటో’, కట్టేటప్పుడు అన్నం పాండా అవుతుంది, గుడ్డు చామంతి అవుతుంది, ఆపిల్ ముక్కకు కుందేలు చెవులు మొలుస్తాయి. బొమ్మలున్న ఈ డబ్బాలను అక్కడ ‘క్యారబెన్’ అంటారు. ఫొటోలో చూసినప్పుడు కత్తెర పనితనమే కనిపిస్తుంది. కట్టడం మొదలుపెడితే తెలుస్తుంది, అసలు పనంతా తడితోనే అని. అన్నం ఆవిరి, కూర నీరు, పండ్ల రసం, మూత లోపలి చెమ్మ: బొమ్మను పాడుచేసేవి ఇవే. అందుకే ఈ చిట్టాలో పరీక్ష ఒక్కటే. ఉదయం ఏడింటికి మూత పెట్టి, బ్యాగులో వేసి, ఒకసారి నిలువునా తిప్పి, పన్నెండున్నరకు తీసి చూడటం.

మొదటి వారం: డబ్బా, అన్నం

డబ్బా పెద్దదైతే ఏ బొమ్మా నిలవదు. మూడు నాలుగేళ్ల పిల్లలకు 270 నుంచి 300 మి.లీ., ఐదారేళ్ల వాళ్లకు 360 నుంచి 400, ఒకటి రెండు తరగతుల వాళ్లకు 500 దగ్గర సరిపోతుంది. మన స్టీలు డబ్బాల మీద కొలత ఉండదు కాబట్టి నీళ్లు పోసి కొలుచుకోవాలి. జపాన్‌లో వాడే లెక్క ఒకటి బాగా పనికొస్తుంది: సందు లేకుండా సర్దితే డబ్బా ఎన్ని మి.లీ. ఉంటే సుమారుగా అన్ని కిలోక్యాలరీల భోజనం. అందులో అన్నం మూడు పాళ్లు, గుడ్డు, చేప, పనీరు లాంటిది ఒక పాలు, కూరగాయలు రెండు పాళ్లు. వేపుళ్లు ఎక్కువైతే ఈ లెక్క తప్పుతుంది.

మొదటి ప్రయత్నం పాత సోనా మసూరితో, కప్పుకు రెండు కప్పుల నీళ్లు. ఉదయం చక్కగా ముద్ద కట్టింది, పన్నెండున్నరకు రెండు చెక్కలై పొడిపొడిగా రాలింది. కోషిహికారి లాంటి జపాన్ పొట్టి గింజ బియ్యంలో అమైలోజ్ అనే పిండిపదార్థం తక్కువ, అందుకే ఆ అన్నం చల్లారినా అంటుకునే ఉంటుంది. సోనా మసూరిలో అది ఎక్కువ. వేడిమీద మెత్తగా ఉన్నా చల్లారగానే బిగుసుకుంటుంది.

పనిచేసిన మార్గం కొత్త బియ్యం. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని మన ఇళ్లలో వంక పెడతాం, ఈ పనికి ఆ వంకే గుణం. కప్పు కొత్త బియ్యానికి రెండుంపావు కప్పుల నీళ్లు, అరగంట నానబెట్టడం, ఉడికాక పది నిమిషాలు మూత తీయకుండా ఉంచడం. వేడిగా ఉండగానే అన్నంలో నాలుగో వంతు విడిగా తీసి పప్పుగుత్తితో రెండు సార్లు మెదిపి, మిగతా దాంట్లో కలపాలి. మెదిపిన అన్నం జిగురులా పనిచేసి మిగతా గింజల్ని పట్టి ఉంచుతుంది. అంతా మెదిపితే మాత్రం పాయసం అడుగులా తయారై పిల్లలు ముట్టరు.

ముద్దకు 40 గ్రాములు, చిటికెడు ఉప్పు. క్లింగ్ ఫిల్మ్‌లో, అంటే వంటింటి పల్చటి ప్లాస్టిక్ పొరలో, పెట్టి నొక్కాలి కానీ వట్టి చేత్తో వద్దు. చేతి చర్మం మీదుండే స్టాఫిలోకాకస్ బాక్టీరియా అన్నంలో పెరిగితే విడుదలయ్యే విషం మళ్లీ వేడి చేసినా పోదు. మరీ వేడిగా నొక్కితే ఫిల్మ్ లోపల ఆవిరి నీరై ముద్ద పైభాగం జావలా అవుతుంది, పూర్తిగా చల్లారాక నొక్కితే బీటలు పడుతుంది. చేతికి గోరువెచ్చగా తగిలేటప్పుడు నొక్కాలి.

పులిహోరతోనూ చూశాం, పసుపు రంగు ఎంతో ముచ్చటగా ఉంటుంది కదా అని. నిలవలేదు. ప్రతి మెతుక్కీ నూనె పట్టి ఉంటుంది కాబట్టి మెతుకూ మెతుకూ అంటుకోవు. పసుపు రంగు కావాలంటే ఉడికేటప్పుడే నీళ్లలో చిటికెడు పసుపు వేసి, పోపు లేకుండా వాడాలి.

రెండో వారం: పాండా ముఖం

నోరి అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు కాగితం, పూర్తి షీటు 21 × 19 సెం.మీ. ఉంటుంది. ఒక్క షీటులో పాతిక ముఖాలకు సరిపడా ముక్కలు వస్తాయి, కాబట్టి ప్యాకెట్ తెరిచాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో దాచాలి. పంచ్‌తో కొట్టడానికి నోరి పెళపెళలాడుతూ ఉండాలి. మెత్తబడితే పంచ్ పళ్లకు అంటుకుని చిరుగుతుంది. కత్తెరకైతే తిరగేసి చెప్పాలి: రెండు నిమిషాలు బయట ఉంచితే కొద్దిగా మెత్తబడి, విరగకుండా వంపులు తెగుతాయి.

తలకు 45 గ్రాముల అన్నం, కాస్త నొక్కిన గుండ్రటి ముద్ద. చెవులకు 5 గ్రాముల చొప్పున రెండు గోళీలు, వాటికి నోరి చుట్టాలి. కళ్ల మచ్చలు కోడిగుడ్డు ఆకారంలో, లోపలి కొసలు పైకి, బయటి కొసలు కిందికి వాలాలి. ఈ వాలు తప్పితే పాండా కోపంగా చూస్తుంది. అందరూ చేసే పొరపాటు కళ్లు ముఖం సగానికి పైన పెట్టడం. మధ్య గీతకు కాస్త కింద, ఎడంగా పెడితేనే పసిపిల్ల ముఖం వస్తుంది. ముక్కు ఆ రెండు కళ్లకూ మధ్యలో, దాదాపు అదే వరుసలో. పట్టకారుతో పెట్టాలి, వేలికైతే నోరి అంటుకుని వచ్చేస్తుంది.

మొదటి రోజు పన్నెండున్నరకు మచ్చలు ముడుచుకుపోయి ఒకటి చెంప మీదికి జారింది. కారణం అన్నం వేడిగా ఉండగా అతికించడం. ఆవిరి తగిలితే నోరి కుంచించుకుపోతుంది. అన్నం పూర్తిగా చల్లారాక అతికించి, పైన క్లింగ్ ఫిల్మ్ కప్పి ఐదు నిమిషాలు ఉంచితే అన్నంలోని కొద్దిపాటి తడిని సమానంగా పీల్చుకుని పట్టుకుంటుంది. సన్నటి గీతలకు, అంటే మీసాలకో నవ్వుకో, ఇంకో ఉపాయం ఉంది. నోరిని చీజ్ స్లైస్ మీద పరిచి, టూత్‌పిక్ కొసతో రెండూ కలిపి కోయాలి. చీజ్ అడుగున ఉంటే గీత వంకర పోదు.

చెవులు తలకు నిలవడానికి టూత్‌పిక్‌లు గుచ్చొద్దు, పిల్లల నోటికి ప్రమాదం. ఉడికించని స్పఘెట్టి పుల్లను రెండు సెంటీమీటర్ల ముక్కగా విరిచి గుచ్చితే చాలు. ఉదయం పుల్లలా పనిచేస్తుంది, మధ్యాహ్నానికి అన్నం తడి పీల్చుకుని నమలగలిగేంత మెత్తబడుతుంది. తడిని శత్రువులా చూసే ఈ పనిలో తడే సాయం చేసే చోట్లలో ఇదొకటి.

మూడో వారం: గుడ్డు చామంతి, సర్దుడు

ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, టీస్పూను నీళ్లలో కలిపిన అర టీస్పూను కార్న్‌ఫ్లోర్. వడకట్టి, నూనె తుడిచినట్టు రాసిన పెనం మీద సన్న మంటన పల్చగా పోయాలి. కార్న్‌ఫ్లోర్ లేకపోతే మడిచే చోట చిరుగుతుంది, వడకట్టకపోతే తెల్ల చారలు మిగులుతాయి. రెండో వైపు కూడా కాల్చి పచ్చిదనం లేకుండా చేయాలి. చల్లారాక 6 సెం.మీ. వెడల్పు పట్టీ కోసి, పొడుగునా సగానికి మడిచి, మడత వైపు నుంచి 3 మి.మీ. ఎడంతో సెంటీమీటరున్నర లోతు గాట్లు పెట్టి చాపలా చుడితే చామంతి విచ్చుకుంటుంది. విడిపోకుండా మళ్లీ స్పఘెట్టి పుల్లే.

సర్దేటప్పుడు ముందు అన్నం, తర్వాత పెద్ద ముక్కలు, చివర బ్రకోలీ, బీన్స్ లాంటివి సందుల్లో కూరడం. డబ్బా వంచితే ఏదీ కదలకూడదు. ఒక్క వేలు పట్టేంత సందున్నా పాండా అక్కడికి చేరుతుంది. ఉడికించిన కూరగాయను పేపర్ నాప్కిన్‌తో అద్దితేనే సరిపోదు, డబ్బాలో దాన్ని పెట్టే చిన్న కప్పు అడుగున అర టీస్పూను నువ్వుల పొడి చల్లాలి. జపాన్‌లో ఇందుకు దంచిన నువ్వులో, ఎండు చేప తురుమో వేస్తారు. మన పుట్నాల పొడి కూడా నీటిని అలాగే పట్టేసుకుంటుంది, పైగా రుచి.

మూత మాత్రం అన్నీ చల్లారాకే. లోపలి వైపు చుక్కలు కడితే అవి నోరి మీదే పడతాయి, బాక్టీరియాకూ ఆ వెచ్చటి తడే కావాలి. మార్చి దాటాక ఐస్ ప్యాక్ లేకుండా అన్నం, గుడ్డు ఉన్న డబ్బా పంపకూడదు. ఐస్ ప్యాక్‌ను మూత మీద పెట్టాలి, చల్లదనం కిందికి దిగుతుంది.

చెర్రీ టమాటా, ద్రాక్ష గుండ్రంగా పెడితే ఫొటోకు బాగుంటాయి, చిన్నపిల్లలకు పెట్టకూడదు. గొంతుకు అడ్డం పడతాయి. నిలువునా నాలుగు ముక్కలు చేయాలని, ఐదేళ్లు, అంతకన్నా తక్కువ వయసు వాళ్లకు గట్టి పప్పుగింజలు అసలే పెట్టొద్దని జపాన్ వినియోగదారుల వ్యవహారాల సంస్థ హెచ్చరిస్తోంది. వేరుశనగపప్పులకూ ఇదే వర్తిస్తుంది.

నాలుగో వారం: పెరుగన్నం

ఒక్క రోజు పనే. పెరుగన్నం మీద నోరి పెడితే గంటలో నల్లటి జిగురు. అందుకే బొమ్మంతా క్యారెట్, దానిమ్మ గింజలతో. మధ్యాహ్నానికి పుల్లబడకుండా ఇళ్లలో చేసే పద్ధతే ఇక్కడా: మెదిపిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు, ఒక్క చెంచా పెరుగు. తినే వేళకు తోడుకుంటుంది, బొమ్మను కూడా పట్టి ఉంచుతుంది. పాలు ఎక్కువైతే క్యారెట్ పువ్వులు మునుగుతాయి.

ఐదో వారం: పండ్లు, మామిడి జెల్లీ

పండ్లకు వేరే చిన్న డబ్బా. ఆపిల్ కుందేలుకు కాయను ఎనిమిది ముక్కలు చేసి, గింజల భాగం తీసి, తొక్క మీద వి ఆకారంలో గాటు పెట్టి, కొస వైపు నుంచి మూడింట రెండు వంతుల దాకా తొక్క లేపాలి. వి మధ్యలోని తొక్క ఊడి, రెండు చెవులు మిగులుతాయి. 200 మి.లీ. నీళ్లలో గ్రాము ఉప్పు కలిపి ఐదు నిమిషాలు ఉంచితే ముక్క నల్లబడటం బాగా తగ్గుతుంది. చెవులు కూడా నీళ్లు పీల్చుకుని కాస్త పైకి లేస్తాయి. ఉప్పు రుచి తగలదు. జామ ముక్కలు నక్షత్రాలుగా బాగా తెగుతాయి. అరటి, పుచ్చ ఈ పనికి రావు.

జెల్లీకి జెలటిన్ వద్దు. మన ఎండలకు డబ్బాలోనే కరిగిపోతుంది. పైగా పచ్చి అనాస, కివీ, బొప్పాయిలలోని ఎంజైములు దాన్ని గడ్డకట్టనివ్వవు. జపాన్‌లో ‘కాంతెన్’ అనేది మన కొట్లలో దొరికే చైనా గ్రాస్, అగర్ అగర్. సముద్రపు నాచు నుంచి వచ్చేదే, 40 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, 85 దాటితే గానీ కరగదు. పొడి 4 గ్రాములకు బదులు పోగులైతే 8 గ్రాములు తీసుకోవాలి, పోగుల్ని అరగంట నానబెట్టాలి.

200 మి.లీ. నీళ్లు, 200 గ్రాముల మామిడి గుజ్జు, 30 గ్రాముల పంచదార. అగర్ పొడి 2 గ్రాములతో మెత్తగా గడ్డకట్టి బ్యాగులో మూలలు విరిగాయి. 4 గ్రాములతో గట్టిపడి కొరికితే పెళుసుగా తెగింది. 3 గ్రాములు సరిగ్గా కుదిరింది. బంగినపల్లి గుజ్జును నేరుగా వాడొచ్చు, రసాలైతే పీచు కోసం జల్లెడ పట్టాలి.

చల్లటి నీళ్లలో పొడి కలిపి, పొయ్యి మీద పెట్టి, తెర్లాక కలుపుతూ రెండు నిమిషాలు ఉడికించాలి. పంచదార ఆ తర్వాతే. నిమ్మరసం వేస్తే మంట తీసి కాస్త చల్లారాకే, పులుపుతో కలిపి మరిగిస్తే అగర్ గట్టిపడే గుణం పోతుంది.

ఒక గిన్నె మొత్తం పాడైంది ఫ్రిజ్‌లోంచి తీసిన గుజ్జు వల్ల. చల్లటి గుజ్జు తగిలిన చోటల్లా అగర్ అక్కడికక్కడే గడ్డకట్టి దారాలు దారాలుగా, పగిలిన పాలలా అయింది. గుజ్జు గోరువెచ్చగా ఉండాలి, వేడి ద్రావణాన్ని సన్నటి ధారగా పోస్తూ కలపాలి.

కింద పాల పొర, పైన మామిడి పొర వేసేటప్పుడు కింది పొర పైభాగం వేలికి కొద్దిగా అంటుతుండగానే రెండోది పోయాలి. పూర్తిగా బిగిశాక పోస్తే డబ్బాలో రెండు పొరలూ విడివిడిగా జారతాయి. ఆలస్యమైతే ఫోర్కుతో గీతలు గీసి పోయాలి.

సెంటీమీటరు ఘనాలుగా కోసి, దానిమ్మ, సపోటా ముక్కలతో పలచటి బెల్లం పాకం పోస్తే జపాన్ తీపి వంటకం ‘మిత్సుమామె’కు దగ్గరగా వస్తుంది. పిల్లలు దీన్ని తాటిముంజలు అనుకుని తింటారు. పాకం చిన్న సీసాలో వేరుగా వెళ్లాలి. మూడేళ్లలోపు వాళ్లకు జెల్లీని ఫోర్కుతో చిదిపి పెట్టాలి. కొంజాక్ అనే దుంప పిండితో చేసే జెల్లీ కప్పులు మాత్రం చిన్నపిల్లల దగ్గరికే రానివ్వకూడదు, నమలడానికి లొంగక గొంతులో ఇరుక్కుంటాయి.

జెల్లీని ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఐస్ ప్యాక్‌గా వాడొచ్చని అనిపిస్తుంది. చేయొద్దు. గడ్డకట్టి కరిగితే నీరంతా విడిపోయి స్పాంజిలా మిగులుతుంది. నాగానో ప్రాంతంలోని చీనోలో ఈ గుణాన్నే వాడుకుని, చలికాలం రాత్రుళ్లు ఆరుబయట గడ్డకట్టించి పగటి ఎండకు ఆరబెట్టి కాంతెన్ కడ్డీలు తయారు చేస్తారు.

ఆరో వారం: నడుస్తున్నవి

పాలకూర అన్నంతో కప్ప బొమ్మ ఇంకా కుదరలేదు. ఉదయం చిలకపచ్చ, మధ్యాహ్నానికి ఎండుటాకు రంగు. వేడి అన్నంలో కలపడం వల్ల ఆకుపచ్చ పోతోంది. ఇప్పుడు ఆకును 30 సెకన్లు మాత్రమే మరిగే నీళ్లలో ముంచి, చల్లటి నీళ్లలో వేసి, గట్టిగా పిండి, మెత్తగా నూరి, చల్లారిన అన్నంలో కలుపుతున్నాం. 100 గ్రాముల అన్నానికి టీస్పూను ముద్ద. నిమ్మకాయ పిండకూడదు. నిన్నటి డబ్బాలో పన్నెండున్నరకు కప్ప ముఖం పచ్చగానే ఉంది, ముద్ద అడుగు భాగం మాత్రం తడిసి మెత్తబడింది. రేపు పాలకూరను బట్టలో మూటకట్టి ఇంకా గట్టిగా పిండి చూడాలి.