నార్సిసస్ వీపు మీద వెలుగు

నీటిలో తన నీడనే చూసి మోహించిన గ్రీకు కథల యువకుడు నార్సిసస్. పదహారో శతాబ్దపు ఇటలీలో ఆంటోనియో దా ట్రెంటో చెక్క మీద చెక్కిన ఆ నార్సిసస్ ప్రింటును నా చేత్తో మళ్లీ చెక్కి అచ్చు తీయాలని చాలాకాలంగా కోరిక. దానికి మూలం ఇటలీ చిత్రకారుడు పార్మిజానీనో డ్రాయింగు. 1527లో సైన్యాలు రోమ్‌ను దోచుకున్నాక ఆయన బొలోన్యా చేరాడు. తన బొమ్మలు చెక్క మీదికి ఎక్కించడానికి అక్కడ ఆంటోనియోను పెట్టుకున్నాడు. ఇందులో నార్సిసస్ వెనక నుంచి కనిపిస్తాడు, బొమ్మలోని అందమంతా ఆ వీపు మీదే ఉంది.

ఈ కియారోస్కూరో (వెలుగునీడల) ప్రింటుకు రెండు చెక్కలు కావాలి. ఒకటి గీతలకు, ఒకటి రంగుకు. రంగు పూసిన కాగితం మీద పెన్నుతో గీసి, వెలుగు పడేచోట తెల్లరంగు అద్దడం అప్పటి చిత్రకారులకు అలవాటు. అచ్చులో ఆ తెల్లరంగు లేదు. రంగుచెక్కను ఎక్కడ తవ్వితే అక్కడ కాగితమే తెల్లగా మిగులుతుంది. నన్ను పట్టేసింది ఇదే.

ఇటలీలో వాడిన పియర్ చెక్క నాకు దొరకలేదు. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే ఒక పెద్దాయన టేకు ముక్కలు సాపుచేసి ఇచ్చారు. అక్కడి అద్దకంలోనూ గీతల అచ్చు వేరు, రంగు అచ్చు వేరు కాబట్టి నా పని ఆయనకు వెంటనే అర్థమైంది. "వాటం చూసి ఉలి పెట్టు బాబూ, ఎదురెళ్తే పెచ్చు లేస్తుంది" అన్నారు.

మ్యూజియం వెబ్‌సైటులోని ఫొటోను తిరగేసి గీతలచెక్క మీదికి ఎక్కించాను. దాన్ని చెక్కడానికి ఓపిక ఉంటే చాలు. అసలు టెన్షన్ రంగుచెక్కతోనే. గీతలచెక్కతో ఒక కాగితం అచ్చు తీసి, ఇంకు ఆరకముందే దాన్ని రెండో చెక్క మీద బోర్లించి రుద్దాను. గీతలు ఉన్నవి ఉన్నట్టు దిగాయి. వాటి మధ్య భుజం ఎముక దగ్గర, నడుము మలుపు దగ్గర వెలుగును వెతుక్కుంటూ తవ్వాను. ఆంటోనియో ఆ తెలుపును ఒక్క ముద్దగా వదలలేదు. సన్నటి చారలుగా తీసి, కండ తిరిగినట్టు తిప్పాడు. ఒక్కో చార కొస దగ్గర ఉలిని తేల్చి వదిలితే తప్ప వెలుగు మెల్లగా నీడలోకి జారదు. చెక్కేకొద్దీ ఆయన మీద గౌరవం పెరిగింది.

ఆంటోనియో కథ మాత్రం బాధగా ఉంటుంది. ఒకరోజు పొద్దున పార్మిజానీనో ఇంకా నిద్ర లేవకముందే పెట్టె తెరిచి ప్రింట్లు, డ్రాయింగులు తీసుకుని ఉడాయించాడని అప్పటి చిత్రకారుల జీవితకథలు రాసిన వసారి రాశాడు. ప్రింట్లు తర్వాత దొరికాయట, డ్రాయింగులు దొరకలేదు.

అచ్చు తీయడంలో కష్టమంతా రెండు చెక్కలూ ఒకేచోట పడేలా చూడటమే. తడి కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అందుకే ముందు ఆకుపచ్చ రంగు వేసి, కాగితాలను తడిగుడ్డల మధ్య ఉంచి, ఆ తడి తగ్గకముందే నల్లగీతలు వేశాను. పలక మూలకు కొట్టిన రెండు బద్దలకు చెక్కనూ కాగితాన్నీ ఆనిస్తే అచ్చు జరగదు. వెనక స్టీలు గరిటెతో రుద్దాను.

ఇప్పుడు అవే చెక్కలతో ఇటుకరంగులోనూ తీస్తున్నాను. ఆ రంగులో వీపు ఇంకా వెచ్చగా ఉంది, నాకు అదే ఎక్కువ నచ్చింది. తర్వాత ఊగో దా కార్పి అనే మరో ఇటలీ చెక్కుడు కళాకారుడి ప్రింటు, గ్రీకు తత్వవేత్త డయోజినిస్ బొమ్మ, మొదలుపెట్టాలి. అదీ పార్మిజానీనో బొమ్మే, కానీ నాలుగు చెక్కలు.