గరిక గుట్టు బాపుకు తెలుసు

హనుమకొండలో ఇల్లు కట్టుకున్నాక ముందు మిగిలిన 20 బై 30 అడుగుల జాగాలో మెక్సికన్ గ్రాస్ కార్పెట్లు పరిపించాను. రెండు పూటలా పైపుతో పది నిమిషాలు తడిపేదాన్ని. నున్నగా కనిపించాలని నేలకంటా కోయించేదాన్ని. మే నెల వచ్చేసరికి సగం ఎండింది, ఖాళీ అయిన చోటల్లా తుంగ లేచింది. పొద్దున్నే తలుపు తీయగానే అది చూస్తే మనసు చివుక్కుమనేది.

పరకాల దగ్గర మా ఊరినుంచి బాపు వచ్చాడు. ఎండిన చోట పట్టి లాగితే గడ్డి చాపలా లేచొచ్చింది. వేళ్లు అంగుళం కూడా లేవు, కింద ఎర్రమట్టి పొడిపొడిగా ఉంది. "నీళ్లు పైన్నే దొరుకుతుంటె వేరు కిందికెందుకు పోతది? ఆకు మొత్తం కోస్తివి, ఇగ వేరుకు బలమెక్కడిది?" అన్నాడు.

మృగశిర వానలు పడ్డాక మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి గరికతో. "బతుకంత చేన్ల గరిక పీకిన బిడ్డా, అది ఎట్ల బతుకుతదో నాకెర్కే" అన్నాడు. పైన పాకే తీగకూ, మట్టిలో సాగే కాండానికీ కణుపు కణుపునా వేరు దిగుతుంది. ముక్క మిగిలితే చాలు, మళ్లీ అల్లుకుంటుంది. చేన్లో ఆయన్ని అన్నేళ్లు సతాయించిన ఆ గుణమే మాకు అక్కరకొచ్చింది. మూడేసి కణుపుల ముక్కలు జానెడు ఎడంతో నాటాం. గరిక నీడకు ఓర్వదు కాబట్టి వేపచెట్టు కిందిభాగం వదిలేశాం. నాటింది 400 చదరపు అడుగులే.

తుంగ మాత్రం ఏడిపించింది. పీకితే పైన తెగి, లోపలి గడ్డ మళ్లీ మొలుస్తుంది. వాన వెలిశాక ఖుర్పీతో గడ్డతో సహా తవ్వి తీయడానికి రెండు వానాకాలాలు పట్టింది.

ఇప్పుడు వానల్లేనప్పుడు వారానికి రెండుసార్లే, తెల్లారగట్ల, అర అడుగు లోతు దిగేదాకా నీళ్లు పెడతాను. రాత్రి తడిపితే ఆకుమీద తడి నిలిచి తెగులు తగులుతుంది. కోసేటప్పుడు ఎత్తులో మూడోవంతుకు మించి తీయను. వానాకాలంలో రెండుసార్లు, ఆకు ఆరినప్పుడు 400 గ్రాముల యూరియా చల్లి వెంటనే నీళ్లు పెడతాను. ఎక్కువేస్తే మాడుతుంది.

మొదటి డిసెంబర్ చలికి గడ్డి పాలిపోతే కంగారుపడి బాపుకు ఫోన్ చేశాను, యూరియా వెయ్యనా అని. "పండుకున్నదాన్ని లేపి తినబెడ్తవా? శివరాత్రి దాటనియ్" అన్నాడు. దాటిన కొద్ది రోజులకే కణుపు కణుపునా చిగురు పట్టింది.