నాన్న జ్వరానికి పేరు దొరికిన వారం

గుంటూరు కొత్తపేటలో ఒక ల్యాబులో మైక్రోబయాలజీ చూస్తాను. ఎనిమిదేళ్లుగా ఎవరెవరివో రక్తం, చీము, కఫం క్రిములు పెంచే ప్లేట్ల మీద గీస్తూనే ఉన్నా. నాన్న పేరు రాసిన బాటిల్ చేతిలోకి వచ్చింది మాత్రం ఆ ఆగస్టులోనే.

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నకి పద్నాలుగేళ్లుగా షుగర్. నాట్లప్పుడు మడమలు పగిలి ఉన్నా కూలీలతో పాటు తనూ మళ్లోకి దిగాడు. రెండు వారాలకి జ్వరం పట్టుకుంది. పొద్దుగూకితే చలి, దుప్పటి కప్పినా వణుకు. ముందు టైఫాయిడ్ అన్నారు, మందులు వాడాం, తగ్గలేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద నీడ కనిపించింది. కఫంలో టీబీ క్రిమి లేకపోయినా అక్కడి ఆస్పత్రిలో టీబీ కోర్సు మొదలుపెట్టేశారు. పన్నెండు రోజులు మింగాక నాన్న ఫోన్ చేసి, "అమ్మాయ్, ఈ బిళ్లలు నాకు పడట్లేదే" అన్నాడు. ఆ గొంతు విని ఆ రాత్రే కారు మాట్లాడి గుంటూరు తీసుకొచ్చేశా.

ఇక్కడి డాక్టరుగారిని నేను అడిగింది ఒక్కటే. సార్, కొత్త యాంటీబయాటిక్ ఎక్కించేముందు రెండు చేతుల్లోంచి కల్చర్‌కి, అంటే బాటిల్లో క్రిమిని పెంచి చూడ్డానికి, రక్తం తీయించండి అని. ముందు ఇంజెక్షన్ పడితే క్రిమి సగం చచ్చి బాటిల్లో పెరగదు. ఆయన సరేనన్నారు.

ముప్పై గంటలకి, బాటిల్లో క్రిమి పెరుగుతోందని మెషిన్ మోగింది. గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే గులాబీ రంగు కడ్డీల్లాంటి క్రిములు. రెండు కొనలూ ముదురుగా, నడుమ ఖాళీగా, పిన్నీసుల్లా ఉన్నాయి. మర్నాడు ప్లేటు మీద సూదిమొనంత కాలనీలు, అంటే క్రిముల గుంపులు. వడపోత కాగితం మీద ఆక్సిడేజ్ పరీక్ష మందు చుక్క వేసి కాలనీని కాస్త రుద్దితే పది సెకన్లలోపే ఊదారంగు తిరిగింది, అంటే పాజిటివ్. క్రిమిని గుర్తుపట్టే మిగతా పరీక్షల్లో ఇండోల్ లేదు, కదలిక ఉంది, అర్జినిన్ పాజిటివ్. చక్కెరలు కలిపిన టీఎస్ఐ ట్యూబు ఎర్రగానే ఉండిపోయింది, అంటే చక్కెరను పులియబెట్టే రకం కాదు. ఇవన్నీ సూడోమొనాస్ అనే మరో క్రిమికీ సరిపోతాయి. మా సీనియర్ మేడమ్ కూడా అదే అయ్యుంటుందన్నారు. క్రిమి పేరు చెప్పే ఆటోమేటిక్ మెషిన్ కార్డు మాత్రం బర్క్‌హోల్డేరియా సెపేసియా అనే ఇంకో క్రిమి పేరు చూపింది. అది నాకు మింగుడుపడలేదు. సెపేసియా ఎక్కువగా ఆస్పత్రి సెలైన్లలోంచో, పుట్టుకతో ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకో వస్తుంది. వరి మడిలోంచి వచ్చిన మనిషికి ఎందుకొస్తుంది?

జవాబు డిస్కుల ప్లేటులో దొరికింది. యాంటీబయాటిక్ డిస్కులు పెట్టి, ఏ మందు చుట్టూ క్రిమి పెరగలేదో చూసే ప్లేటది. సూడోమొనాస్ అయితే అమాక్సిక్లావ్‌ని లెక్కచేయదు, జెంటామైసిన్‌కీ కొలిస్టిన్‌కీ మామూలుగా లొంగుతుంది. నాన్న ప్లేటులో అంతా తిరగబడింది. జెంటామైసిన్, కొలిస్టిన్ డిస్కుల అంచుదాకా నారుమడిలా దట్టంగా పెరిగింది. అమాక్సిక్లావ్ చుట్టూ మాత్రం 27 మిల్లీమీటర్ల శుభ్రమైన వలయం. స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచా, చేతులు వణుకుతున్నాయి. ఆక్సిడేజ్ పాజిటివ్, కొలిస్టిన్‌కీ జెంటామైసిన్‌కీ లొంగదు, అమాక్సిక్లావ్‌కి లొంగుతుంది. ఈ మూడూ కలిస్తే అనుమానించాల్సిన పేరు బర్క్‌హోల్డేరియా సూడోమాలై, దాని జబ్బు మెలియాయిడోసిస్. జెంటామైసిన్ లోపలికి వచ్చినా ఈ క్రిమి పంపుతో తోడి బయటికి నెట్టేస్తుంది. దాని పై పొరలోని కొవ్వు కొలిస్టిన్‌ని అతుక్కోనివ్వదు. పుట్టుకతో ఉన్న మొండితనం అది, మందులు వాడి తెచ్చుకున్నది కాదు.

మూడో రోజుకి కాలనీలు ఎండిన అప్పడాల్లా ముడతలు పడ్డాయి. రెండో రోజే ప్లేటు పారేసే అలవాటున్నచోట ఈ ముడతలు ఎవరికీ కనపడవు. ఈ క్రిమిని పట్టే లాటెక్స్ పరీక్షలో గుంపు కట్టింది, అంటే అదే. బయటి రాష్ట్రపు మెడికల్ కాలేజీకి పంపితే పీసీఆర్‌లోనూ అదే తేలింది.

ఇది మన మట్టిలో, నిలవ నీటిలో బతికే క్రిమి, కాళ్ల పగుళ్లలోంచి ఒంట్లోకి దూరుతుంది. 1911లో రంగూన్‌లో విట్మోర్, కృష్ణస్వామి అనే డాక్టర్లు దీన్ని గుర్తించి మరుసటేడు ప్రచురించారు. నూరేళ్లు దాటినా మన డెల్టాలో షుగర్ ఉన్న రైతుకి వారాల తరబడి జ్వరమంటే ఇది ఎవరికీ గుర్తురాకపోవడం నాకు బాధగా ఉంటుంది.

నేనూ ఒక తప్పు చేశా. మొదటిరోజు బల్ల మీదే ప్లేటు మూత తీసి, అలవాటు కొద్దీ వాసన చూశాను. ఈ క్రిమి గాలితో ఊపిరితిత్తుల్లోకీ పోగలదు. పేరు తేలాక విషయం చెబితే డాక్టరుగారు ముందుజాగ్రత్తగా నాకూ 21 రోజుల సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ రాశారు. అప్పట్నుంచి మా ల్యాబులో ఎవరూ ప్లేటు వాసన చూడరు. అనుమానమున్నవి సేఫ్టీ క్యాబినెట్‌లోనే తెరుస్తాం.

స్కానింగులో నాన్న ప్లీహంలో చీముగడ్డలు కనపడ్డాయి. టీబీ మందులు ఆపేసి, ఆరు గంటలకోసారి 2 గ్రాముల సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఎక్కించారు. జ్వరం వెంటనే దిగలేదు. తొమ్మిదో రోజుదాకా సాయంత్రమైతే 101 చూపించేది, అమ్మ నా మొహం చూసేది. ఈ జబ్బులో జ్వరం నెమ్మదిగానే దిగుతుందని, మందు మార్చొద్దని డాక్టరుగారు గట్టిగా నిలబడ్డారు. నాలుగు వారాల ఇంజెక్షన్లు అయ్యాక సెప్ట్రాన్ పెద్ద బిళ్లలు పూటకి రెండు చొప్పున మూడు నెలలు. ల్యాబులో సెప్ట్రాన్ డిస్కు చూసేటప్పుడూ జాగ్రత్త కావాలి. వలయం లోపల పలచగా మసక పెరుగుదల ఉంటుంది, దాన్ని లెక్కేస్తే లొంగే క్రిమిని లొంగదని రాసేస్తాం.

ఆ సెప్ట్రాన్ బిళ్లలతో నాన్న రక్తంలో పొటాషియం పెరిగింది. ఊళ్లోవాళ్లు చూడ్డానికొస్తూ తెచ్చిన కొబ్బరిబోండాలు మంచం కింద వరసగా పేరుకున్నాయి. కొబ్బరినీళ్లలోనూ పొటాషియం ఎక్కువే కాబట్టి నాన్నకి ఒక్కటీ ఇవ్వకూడదు. పెద్దమ్మ నొచ్చుకుంది, "జబ్బు మనిషికి బోండాం కూడా ఇవ్వరటే" అని. వారం వారం నాన్నకి రక్తపరీక్ష చేసి పెద్దమ్మకి కాగితం చూపించేదాన్ని.

మరుసటి జులైలో నాన్నకి మోకాళ్లదాకా వచ్చే గమ్‌బూట్లు కొనిచ్చా. రెండడుగులు వేసేసరికి బురద బూటుని పట్టేసి కాలు బయటికొచ్చేసింది. నాన్న గట్టెక్కి, బోరు దగ్గర సబ్బుతో కాళ్లు కడుక్కుని, ఆ ఏడు నాట్లన్నీ గట్టు మీద నిలబడే వేయించాడు.