క్రోషియాతో మొదటి జంతువు: ముందు బంతి, తర్వాతే ఎలుగుబంటి

క్రోషియా కొత్తగా నేర్చుకుంటున్నవారు మొదటి బొమ్మను చాలావరకు ఫోటో చూసి ఎంచుకుంటారు. అలా ముద్దొచ్చి ఎంచుకున్నది చొక్కా తొడుక్కున్న ఎలుగుబంటో, పొడవాటి చెవుల కుందేలో అయి ఉంటుంది. నిజానికి ఆ బొమ్మలో కష్టమైన కుట్టు ఒక్కటీ ఉండదు. తల, మొండెం, రెండు చేతులు, రెండు కాళ్లు, రెండు చెవులు, మూతి అని విడివిడిగా అల్లిన తొమ్మిది ముక్కలను వంకర పోకుండా ఒకచోట చేర్చి కుట్టడంలోనే కష్టమంతా ఉంటుంది. అందుకే మొదటి జంతువును ఎంచుకునేటప్పుడు దాని అందం కన్నా ముందు దానిలోని ముక్కలను లెక్కపెట్టాలని నేను గట్టిగా చెబుతాను. మూడు ముక్కలకు మించనిది ఏదైనా సరే, కోడిపిల్లో, తిమింగలమో, మొదటి బొమ్మగా పనికివస్తుంది.

జపాన్‌లో పేరు తెచ్చుకుని, అక్కడి నుంచి అమిగురుమి అన్న పేరుతో ప్రపంచమంతటా వ్యాపించిన ఈ బొమ్మల అల్లికకు కావలసిన కుట్లు చాలా తక్కువ. పొట్టిగా, ఒత్తుగా పడే సింగిల్ క్రోషే, ఒకే కుట్టులో రెండు సింగిల్ క్రోషేలు వేసే ఇంక్రీజ్, రెండు కుట్లను కలిపి ఒకటి చేసే డిక్రీజ్ వస్తే చాలు. శాలువాలకు వాడే ఎత్తైన కుట్లు ఇక్కడ పనికిరావు, ఎందుకంటే వాటి సందుల్లోంచి లోపలి దూది బయటికి కనిపిస్తుంది. బ్రిటిష్ ప్యాటర్న్‌లలో (చుట్టు చుట్టుకూ ఏం వేయాలో రాసిన సూచనలలో) ఈ సింగిల్ క్రోషేనే డబుల్ క్రోషే అని రాస్తారు. అమెరికా పద్ధతిలో డబుల్ క్రోషే అంటే దానికన్నా ఎత్తైన మరో కుట్టు. ప్యాటర్న్ ఏ పద్ధతిలో రాశారో మొదటే చూసుకోకపోతే బంతి కావలసింది జల్లెడ అవుతుంది.

అసలు విద్య అంతా ఆ బంతిలోనే ఉంది. మ్యాజిక్ రింగ్‌లో, అంటే లాగితే బిగిసి మూసుకుపోయే దారపు వలయంలో, 6 కుట్లు వేసి, ప్రతి చుట్టులోనూ 6 చొప్పున పెంచుకుంటూ పోతే 12, 18, 24, 30 వస్తాయి. అలా పెంచుతున్నంతసేపూ అల్లిక దాదాపు చదునైన బిళ్లగానే పెరుగుతుంది. పెంచడం ఆపి, 30 కుట్లతోనే అయిదు చుట్లు సమంగా అల్లితే అంచులు పైకి లేచి గిన్నె ఆకారం వస్తుంది. ఆ తర్వాత 24, 18, 12, 6 అని తగ్గించుకుంటూ వస్తే గిన్నె మూసుకుపోయి, మొత్తం 14 చుట్లలో బంతి పూర్తవుతుంది. ఇక్కడ ఏ అంకెను మార్చినా ఆకారం మారుతుంది: మధ్యలోని సమమైన చుట్లను పెంచితే గుడ్డులాంటి మొండెం, చుట్టుకు 6 కాకుండా 2 లేదా 3 కుట్లే పెంచితే మొనదేలిన మూతి, 6 కుట్ల దగ్గరే ఆగి పెంచకుండా అల్లుకుంటూ పోతే సన్నని గొట్టంలాంటి కాలు వస్తాయి. ఈ సంగతి ఒకసారి పట్టుబడితే, ఏ ప్యాటర్న్ చేతికి వచ్చినా చుట్టు చివర రాసిన అంకెలను చదివి, అల్లకముందే ఆ ముక్క ఎలా ఉండబోతుందో చెప్పగలుగుతాం. వీడియోలు మ్యాజిక్ రింగ్ నేర్చుకోవడానికి ఎంతో మేలు చేస్తాయి కానీ, ఆకారం అర్థం కావడానికి మాత్రం రాసిన ప్యాటర్నే మంచిదని నా అభిప్రాయం.

పెంపులన్నీ ప్రతి చుట్టులోనూ ఒకే చోట పడితే బంతికి ఆరు మూలలు తేలి కనిపిస్తాయి. ఉదాహరణకు 18 నుంచి 24కు వెళ్లేటప్పుడు "రెండు కుట్లు, ఒక ఇంక్రీజ్" అని ఆరుసార్లు వేసే బదులు "ఒక కుట్టు, ఒక ఇంక్రీజ్, ఒక కుట్టు" అని ఆరుసార్లు వేస్తే లెక్క మారదు, మూలలు మాత్రం మాయమవుతాయి. డిక్రీజ్ వేసేటప్పుడు కూడా పక్కపక్కనున్న రెండు కుట్ల ముందు లూపులలోకి (కుట్టు పైన కనిపించే రెండు పోగులలో మన వైపున్న వాటిలోకి) మాత్రమే కొక్కెం ఉన్న క్రోషియా సూదిని పోనిచ్చి, దారం లాగి కుట్టు పూర్తి చేస్తే, తగ్గించిన చోటు మామూలు కుట్టులాగే కనిపిస్తుంది.

ఈ బొమ్మలలో చుట్టుకు చుట్టుకు మధ్య ముడి ఉండదు. అల్లిక మెలికగా ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ప్రతి చుట్టులోని మొదటి కుట్టుకు స్టిచ్ మార్కర్ గానీ, పిన్నీసు గానీ, వేరే రంగు దారం ముక్క గానీ తగిలించి, మళ్లీ అక్కడికి చేరినప్పుడు లెక్క సరిపోయిందో లేదో చూసుకోవాలి. సీరియల్ చూస్తూ అల్లడం పదో బొమ్మ నాటి ముచ్చట, మొదటి బొమ్మకు అది కుదరదు.

దారం సంగతికి వస్తే, ముదురు రంగులు, ముఖ్యంగా నలుపు, మొదటిసారికి వద్దు. కుట్లు కంటికి ఆనవు. మెత్తగా మెరిసే వెల్వెట్ దారం చూడగానే కొనాలనిపిస్తుంది కానీ, అందులో కుట్టును కళ్లతో కాక వేళ్లతో తడిమి వెతుక్కోవాలి, విప్పుదామంటే నూగు ఊడిపోతుంది. లేత రంగు, మధ్యరకం మందం ఉన్న యాక్రిలిక్ లేదా కాటన్ దారం మంచిది. కాటన్ సాగదు కనుక ఆకారం నిలుస్తుంది, కానీ వేళ్లకు కాస్త శ్రమ ఇస్తుంది. యాక్రిలిక్ చేతికి సులువు, కానీ వాడగా వాడగా నూగు లేస్తుంది. దారం ఉండ మీది చీటీలో 4 లేదా 5 మిల్లీమీటర్ల సూది అని ఉంటే, బొమ్మకు 3 లేదా 3.5 మిల్లీమీటర్ల సూది తీసుకోవాలి. బిగువుగా అల్లితేనే దూది లోపల దాగి ఉంటుంది.

మ్యాజిక్ రింగ్ ఎంతకీ చేతికి రాకపోతే దాని కోసం బొమ్మను ఆపవలసిన పని లేదు. రెండు చైన్లు, అంటే గొలుసు కుట్లు, వేసి, సూది నుంచి లెక్కిస్తే రెండోదైన చైన్‌లో ఆరు సింగిల్ క్రోషేలు వేసినా సరిపోతుంది. నడుమ చిన్న రంధ్రం మిగులుతుంది, అంతే. మూడు నాలుగు చుట్లయ్యాక అల్లిక ఏ వైపు వంగుతోందో గమనించాలి. సూది గిన్నె బయటి నుంచి లోపలికి దిగుతూ ఉంటే సరైన వైపు బయట ఉన్నట్టు. లేకపోతే గిన్నెను తిరగేసి కొనసాగించాలి.

పైన చెప్పిన 30 కుట్ల బంతిని పసుపు దారంతో అల్లితే అదే కోడిపిల్ల. మధ్యరకం దారంతో అది సుమారు 6 లేదా 7 సెంటీమీటర్ల బొమ్మ అవుతుంది. సమమైన చుట్లు అయ్యాక, తగ్గించడం మొదలుపెట్టకముందే, ఏడో ఎనిమిదో చుట్ల మధ్య అయిదారు కుట్ల ఎడంలో కళ్లు పెట్టాలి. కళ్లు ఎంత కిందికి, ఎంత దూరంగా ఉంటే బొమ్మకు అంత పసితనం వస్తుంది. సేఫ్టీ కళ్లకు, అంటే కాడకు లోపలి నుంచి బిళ్ల తగిలించే ప్లాస్టిక్ కళ్లకు, ఆ బిళ్ల ఒకసారి నొక్కితే మళ్లీ ఊడిరాదు కాబట్టి, ముందు బయటి నుంచి గుచ్చి చూసుకుని తృప్తి కలిగాకే నొక్కాలి. పేరులో సేఫ్టీ ఉన్నా, మూడేళ్లలోపు పిల్లలకు ఇచ్చే బొమ్మలో అవి ఉండకూడదు, లాగితే కుట్ల సందులోంచి ఊడివచ్చే అవకాశం ఉంది. అలాంటి బొమ్మకు నల్లదారంతో కళ్లు కుట్టడమే సరైన పని.

పాలియెస్టర్ దూదిని ముద్దలుగా కాకుండా వేళ్లతో విడదీసి, కొద్దికొద్దిగా, ముందు అంచుల వైపు, ఆ తర్వాత నడిమికి నింపాలి. చాలు అనిపించాక ఇంకాస్త పట్టాలి కానీ, కుట్ల మధ్య తెల్లగా కనిపిస్తే ఎక్కువైనట్టే. చివరి 6 కుట్ల ముందు లూపులలోంచి మొన మొద్దుగా ఉన్న కుట్టు సూదితో దారాన్ని తీసి బిగిస్తే రంధ్రం మూసుకుపోతుంది. ముక్కును నారింజ రంగు దారంతో ఒకే చోట నాలుగైదు కుట్లు వేసి తేల్చవచ్చు. రెక్కలకు 12 కుట్ల దగ్గర ఆపిన రెండు చిన్న బిళ్లలను సగానికి మడిచి, దూది పెట్టకుండా పక్కలకు కుట్టాలి.

దీని తర్వాత ఆక్టోపస్‌కు వెళ్లడం మేలు. తల అదే బంతి. కాళ్లకు 20 చైన్లు వేసి, సూది నుంచి రెండో చైన్ మొదలుకొని ఒక్కొక్క దానిలో రెండేసి సింగిల్ క్రోషేలు వేస్తూ తిరిగి వస్తే అవి వాటంతట అవే మెలికలు తిరుగుతాయి, అందువల్ల ఎనిమిదీ ఒకే పొడవున లేకపోయినా ఎవరూ గమనించరు. ఆ పైన ఎలుగుబంటి. అప్పటికి చేయి కుదిరి ఉంటుంది కనుక మిగిలేది కుట్టడమే: ప్రతి ముక్కకూ చివర పొడవాటి దారం వదలాలి, అన్ని ముక్కలనూ ముందు గుండుసూదులతో నిలిపి బొమ్మను నాలుగు వైపుల నుంచీ చూడాలి, రెండు చెవులూ తల నడిమి నుంచి సమాన దూరంలో ఉన్నాయో లేదో కంటి అంచనాతో కాక కుట్లు లెక్కపెట్టి తేల్చుకోవాలి.