కేట్ షెల్లీ దాటని వంతెన

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మా అబ్బాయి ఇంట్లో ఉన్న మూడు నెలల గురించి రాయాలంటే షికాగో గురించీ నయాగరా గురించీ రాయాలి. అవి వచ్చిన వాళ్ళందరూ రాసినవే కనుక వదిలేస్తున్నాను. నేను రాయదలచుకున్నది ఒక్క శనివారం గురించి. రాజధాని డిమోయిన్‌కు నలభై మైళ్ళ దూరంలోని బూన్ అనే చిన్న ఊరి దగ్గర, ఒక రైలు వంతెన ఎదురుగా కంకర రోడ్డు పక్కన నిలబడి, అంత సంతోషించే మనఃస్థితిలో లేకుండానే గంటన్నర సేపు గూడ్సు బండి కోసం ఎదురుచూసిన రోజది.

చిరాకుకు కారణం మా అబ్బాయి చెప్పిన కథ. 1881 జూలైలో ఒక తుపాను రాత్రి కేట్ షెల్లీ అనే పిల్ల 185 అడుగుల ఎత్తున్న వంతెన మీద పాకుతూ నది దాటి ఎక్స్‌ప్రెస్ రైలును ప్రమాదం నుంచి కాపాడిందని, ఆ వంతెనకు ఆమె పేరే ఉందని దారి పొడవునా చెప్పాడు. నేను రైల్వే గ్యాంగ్‌మన్ కొడుకును. నాలుగు ఎకరాల తోటనో, బంగ్లానో చూపిస్తానంటే రానేమో కాని, రైలు వంతెన అంటే మోకాళ్ళ నొప్పి కూడా మరచిపోయి కారెక్కాను. తీరా అక్కడికి వెళ్ళాక ఆ వంతెన కట్టింది 1899, 1901 మధ్య అని తెలిసింది. పుట్టని వంతెన మీద ఆ పిల్ల ఎలా పాకింది? అడిగితే వాడు ఫోనులో వెతికి, "అవును నాన్నగారూ, ఆమె దాటింది ఇది కాదు, మొయింగోనా దగ్గరిది. అది ఇప్పుడు లేదు" అన్నాడు.

అప్పటికే మధ్యాహ్నమైంది. దారిలో పెట్రోలు బంకులో కొన్న రెండు జున్ను శాండ్‌విచ్‌లకు పద్నాలుగు డాలర్లు ఇచ్చి ఉన్నాం. ఇక్కడి ధరలను రూపాయల్లోకి మార్చుకోవద్దని కోడలు ఎన్నిసార్లు చెప్పినా నా నోరు మానుకోదు. మా ఆవిడ, సంగతి ముందే తెలిసినట్టుగా, డబ్బాలో పులిహోర తెచ్చింది; శాండ్‌విచ్‌లు మా వాడికి వదిలేసి, కారు బానెట్ మీద డబ్బా పెట్టుకుని, పేరు మాత్రమే మిగిలిన ఆ వంతెనను చూస్తూ తిన్నాం.

చూడగా చూడగా కోపం తగ్గింది. ఎదురుగా ఒకటి కాదు, రెండు వంతెనలున్నాయి. పాతది ఉక్కు టవర్ల మీద నిలబెట్టినది, పొడవు 2,685 అడుగులు; జార్జ్ మోరిసన్ అనే ఇంజనీరు రూపకల్పన. దాని పక్కనే 2009లో తెరిచిన కాంక్రీటు వంతెన. రైళ్ళన్నీ ఇప్పుడు దాని మీదే వెళతాయి. పాతది ఊరికే నిలబడి ఉంది. ఈ దృశ్యం నాకు కొత్తది కాదు. రాజమండ్రిలో 1997లో రైళ్ళు మానుకున్న హేవలాక్ వంతెన కూడా కొత్త ఆర్చి వంతెన పక్కన ఇలాగే పెన్షను తీసుకుంటోంది. అది 1900లో తెరిచినది, ఇది 1901లో. అంటే అక్కడ 56 స్పాన్లతో గోదావరి మీద గర్డర్లు ఎక్కిస్తున్న రోజుల్లోనే ఇక్కడ ఈ టవర్లకు రివెట్లు కొడుతున్నారన్న మాట. కాని అవసరాలు వేరు. మన వంతెనకు పొడవు కావాలి, ఎందుకంటే నది వెడల్పు. ఇక్కడ డిమోయిన్ నది మా నిడదవోలు కాలువ కన్నా మరీ పెద్దదిగా కనిపించలేదు, లోయే లోతైనది. అంతకు పూర్వం పట్టాలు మొయింగోనా మీదుగా లోయలోకి దిగి మళ్ళీ ఎక్కేవట. బరువు బండి ఎక్కాలంటే వెనక నుంచి మరో ఇంజను నెట్టాలి. ఆ దిగడం, ఎక్కడం తప్పించడానికే ఇంత ఎత్తున నేరుగా దాటించారు.

మేము తింటుండగా ఒక పాత పికప్ ట్రక్కు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. ఈ పల్లెల్లో ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగు మీద నుంచి ఒక్క వేలు ఎత్తి పలకరిస్తాడు. పొద్దుటి నుంచి నేనూ ఎత్తడం అలవాటు చేసుకున్నాను. ఈయన వేలు ఎత్తి ఊరుకోక, దారి తప్పారా అని అడిగాడు. రైలు కోసం చూస్తున్నామంటే ఇంజను ఆపి, దిగి, మాతోపాటు నిలబడ్డాడు. డెబ్బై దాటిన రైతు. పాత వంతెన మీద బండి వెళితే వాళ్ళ వంటింట్లో గిన్నెలకు తెలిసేదని, చివరి రోజుల్లో రైళ్ళు దాని మీద పాకేవని, కొత్తది అసలు చప్పుడే చేయదని ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పాడు. మా ఆవిడ ఇచ్చిన పులిహోర చెంచాడు నోట్లో వేసుకుని, పచ్చిమిరపకాయ దగ్గర కాసేపు మౌనం వహించి, మర్యాద కోసం ఇంకో చెంచా తీసుకున్నాడు. ఇంతలో రైలు వచ్చింది. ఒకదాని మీద ఒకటి పేర్చిన కంటెయినర్లు, నూట ముప్పై దాకా వచ్చాక లెక్క తప్పాను. ఆయనన్నది నిజం, అంత ఎత్తు నుంచి గాలి చప్పుడంత మాత్రమే వినిపించింది.

ఆయన చెప్పిన దారినే మొయింగోనా వెళ్ళాం. కొన్ని ఇళ్ళు, ఆమె పేరిట మ్యూజియంగా ఉంచిన చిన్న స్టేషను. తాళం వేసి ఉంది. అరుగు మీద కూర్చుని మా వాడు ఫోనులో చదువుతుంటే అసలు కథ విన్నాను.

ఆ రాత్రి వానకు పట్టాలు ఎలా ఉన్నాయో చూసి రమ్మని పంపిన ఇంజనే హనీ క్రీక్ వాగు మీద వంతెన కూలి నీళ్ళలో పడింది. నలుగురిలో ఇద్దరు పోయారు, ఇద్దరు చెట్ల కొమ్మలు పట్టుకుని వేలాడుతున్నారు. ఇంటి దగ్గర చప్పుడు విన్న కేట్ లాంతరు పట్టుకుని బయలుదేరింది. పడమటి నుంచి రావలసిన ఎక్స్‌ప్రెస్‌ను ఆపాలంటే నది దాటి ఈ స్టేషనుకే రావాలి. లాంతరు ఆరిపోయింది. నది మీది వంతెన మనుషులు నడవకుండా ఉండేందుకని స్లీపర్లు, అంటే పట్టాల కింది అడ్డదిమ్మెలు, ఎడంగా వేసినది. దాని మీద చీకట్లో చేతులతో, మోకాళ్ళతో పాకి వచ్చి చెప్పింది. రైలు ఆగింది. వెంటనే మనుషులను తీసుకుని వెనక్కి వెళ్ళి, ఆ ఇద్దరు ఎక్కడున్నారో చూపించింది. పదిహేనేళ్ళ పిల్ల అనే ఎక్కువగా చెబుతారు. రాష్ట్రం బంగారు పతకం ఇచ్చింది. రైలు కంపెనీ వంద డాలర్లు, అర పీపా పిండి, కొంత బొగ్గు, జీవితాంతం చెల్లే పాసు ఇచ్చింది. అర పీపా ఎందుకో, పూర్తి పీపా ఇస్తే ఏం పోయేదో నాకు అర్థం కాలేదు. 1903లో ఆమెను ఇదే స్టేషనుకు ఏజెంటుగా వేశారు, 1912లో పోయింది.

నన్ను పట్టి ఆపిన మాట వేరే ఉంది. ఆమె తండ్రి కూడా ఇదే లైను మీద గ్యాంగు మేస్త్రీ. అప్పటికి చనిపోయి ఉన్నాడు. స్లీపర్ల ఎడం సంగతి, వాన పడితే ఏ వాగు ముందు పొంగుతుందన్న సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. మాకూ అంతే. ఎర్రకాలువ పొంగే రోజుల్లో మా నాన్నగారికి రాత్రి పెట్రోలింగు డ్యూటీ పడేది. చేతిలాంతరు, పట్టాల మీద పెట్టి పేలుడు చప్పుడుతో రైలును హెచ్చరించే డిటొనేటర్లు, ఈల, పెట్రోలింగు పుస్తకం. తన బీటు చివర అవతలి మనిషి కలిస్తే పుస్తకాలు మార్చుకుని తిరిగి రావాలి. తెల్లవారి ఇంటికి రాగానే తల తుడుచుకోకుండా ముందు లాంతరు చిమ్నీ తుడిచేవారు. 2005 అక్టోబరులో వలిగొండ దగ్గర వరదకు చిన్న వంతెన కొట్టుకుపోయి డెల్టా ప్యాసింజరు పడిపోయి వంద మందికి పైగా పోయిన రోజు, అప్పటికి రిటైరై ఎంతో కాలమైనా, ఆయన టీవీ ముందు నుంచి లేవలేదు, అన్నం తినలేదు.

అరుగు మీద నుంచి లేచి, గడ్డిలోకి దిగి, ఎడంగా వేసిన స్లీపర్లు ఇంత దూరం ఉంటాయేమోనని అంగలు వేసి చూశాను. "ఏమండీ, ఎవరైనా చూస్తారు" అంది మా ఆవిడ. చూడటానికి ఎవరూ లేరు.

పొద్దుగూకే వేళకు అక్కడికి దగ్గరలోని మాడ్రిడ్ అనే ఊరి వైపు వచ్చాం. అక్కడ ఒక పాత రైలు దారిని సైకిళ్ళ బాటగా మార్చి, 130 అడుగుల ఎత్తులో, అర మైలు పొడవున మిగిలిన స్తంభాల మీద 2011లో నడక వంతెన తెరిచారు. బొగ్గు గని సొరంగంలో నడుస్తున్నట్టు అనిపించడానికి 41 ఉక్కు చట్రాలు మెలితిప్పి నిలబెట్టారు, చీకటి పడితే వాటికి నీలి దీపాలు వెలుగుతాయి. జనం సెల్ఫీలు తీసుకుంటున్నారు. నాకు ఆ దీపాలు పెళ్ళిపందిరిలా అనిపించాయి కాని, కాళ్ళ కింద పట్టాలు లేని వంతెన మీద చీకట్లో నడవడం బాగానే ఉంది. సగం దూరం వెళ్ళాక మోకాళ్ళు మొరాయించి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

"తాతయ్య ఎప్పుడైనా రైలు ఆపారా, నాన్నగారూ?" అన్నాడు మా వాడు.

"లేదురా. ముప్పై ఏళ్ళలో ఒక్కటీ ఆపలేదు. వంతెన ఉందో లేదో చూసి వచ్చేవారు, అంతే."

వాడు కింద నది వైపు చూశాడు. చీకట్లో నీళ్ళు కనిపించలేదు. సైకిలు మీద వెళుతున్నవాడెవడో మమ్మల్ని దాటుతూ ఒక వేలు ఎత్తాడు, నేనూ ఎత్తాను.