మామగారి ముత్తాత పెన్షన్ ఫైలు

శనివారం, మిల్వాకీ

టిఫిన్లయ్యాక మామగారూ నేనూ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే లేచేసరికి రెండు దాటింది. వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ నుంచి ఆయన ముత్తాతగారి పెన్షన్ ఫైలు కాపీ వచ్చింది. జర్మనీ నుంచి వలస వచ్చి, అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పనిచేసిన మనిషి. ఇన్నాళ్లూ మాకు తెలిసింది పేరూ, రెజిమెంటూ మాత్రమే. 26వ విస్కాన్సిన్, 1862 సెప్టెంబరులో ఈ ఊళ్లోనే కూడిన జర్మన్ల రెజిమెంటు.

ఆ సైన్యంలో జర్మనీలో పుట్టినవాళ్లు సుమారు 2 లక్షల మంది. గుమస్తాలు వాళ్ల పేర్లు చెవిన పడ్డట్టు రాసేశారు. ముల్లర్ మిల్లర్ అయ్యాడు, ష్మిట్ స్మిత్ అయ్యాడు. మావాళ్ల ఇంటిపేరూ ఒక కాగితంలో ఉన్నట్టు ఇంకో కాగితంలో లేదు.

ఫైల్లో నన్ను ఆపేసింది డాక్టర్ల సర్టిఫికెట్. అచ్చువేసిన మనిషి బొమ్మ, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. ఎడమ ముంజేతి మీద సిరాతో చిన్న గుర్తు. తూటా అక్కడే తగిలింది, 1863 మే 2న, వర్జీనియాలో జరిగిన ఛాన్సలర్స్‌విల్ యుద్ధంలో. మామగారు స్క్రీన్ మీద ఆ గుర్తుని వేలితో తాకి, తన ముంజేయి చూసుకున్నారు.

ఆ సాయంత్రం దక్షిణాది జనరల్ జాక్సన్ సేన అడవిలోంచి పక్కగా వచ్చి పడింది. కుడివైపు దాడి జరగొచ్చని ఉత్తరాది సైన్యంలోని జర్మన్ జనరల్ కార్ల్ షుర్జ్ ముందే హెచ్చరించినా పై అధికారి హోవర్డ్ పట్టించుకోలేదు. తర్వాత పత్రికలు మాత్రం జర్మన్లు పిరికివాళ్లు, పారిపోయారని రాశాయి. 26వ విస్కాన్సిన్ హాకిన్స్ పొలం దగ్గర నిలబడి కాల్పులు జరిపింది, చాలామందిని పోగొట్టుకుంది. చేతికి తూటా తగిలినవాడు ఇంటికొచ్చి ఆ రాతలు చదివి ఉంటాడు కదా! అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది.

1898లో పెన్షన్ ఆఫీసు పంపిన ఫారం ఒకటుంది. పెళ్లయిందా? భార్య పుట్టింటి పేరేమిటి? ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చేయించారు? బతికున్న పిల్లలెవరు? రేపు భార్య పెన్షన్ అడిగితే సరిచూసుకోవడానికి కాబోలు. ఆయన ఓపిగ్గా అన్నీ రాసిచ్చాడు. మామగారి తాతగారి పుట్టినరోజు మాకు తెలిసింది అందులోంచే!

సాయంత్రం అమ్మకి ఫోన్‌లో చెబితే, "అయితే మన మిలిటరీ మాధవరం వాళ్లలాగే అన్నమాట" అంది. తాడేపల్లిగూడెం దగ్గరి ఆ ఊళ్లో ఇంటింటా సైన్యంలో చేసినవాళ్లే మరి.

పుట్టిన ఊరు మాత్రం ఇంకా దొరకలేదు. ఆ గడిలో 'ప్రష్యా' అని, అప్పటి పెద్ద జర్మన్ రాజ్యం పేరు రాసి వదిలేశారు. హాంబర్గ్‌లో ఓడెక్కి ఉంటే ఆశ ఉంది, 1850 నుంచి అక్కడి ప్రయాణికుల జాబితాలున్నాయి. బ్రెమెన్‌లో ఎక్కి ఉంటే కష్టమే, ఆ పాత జాబితాలు చాలావరకు మిగల్లేదు. అందుకే ముందు పెళ్లి జరిగిన లూథరన్ చర్చి రిజిస్టరు చూద్దామనుకున్నాం. మామగారు సోమవారం ఫోన్ చేస్తారు. ఈలోగా నేను పాత జర్మన్ చేతిరాత చదవడం నేర్చుకోవాలి. అందులో 'e' అక్షరం అచ్చం 'n' లాగే ఉంటుంది, ఊరి పేరు దగ్గర అదే పెద్ద టెన్షన్.