బాకీదారులం

నిన్న రాత్రి జాకెట్టుకు కాజాలు వేస్తుంటే సూదిలోకి దారం ఎక్కలేదు. కొస తడిపాను, మెలిపెట్టాను, ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకున్నాను. నాలుగోసారీ పక్కకే పోయింది. "కాస్త నువ్వైనా చూడు స్వామీ" అనేశాను. వెంటనే నాలుక కరచుకున్నాను. ఆయనతో మాటలు మానేసి అప్పటికి తొమ్మిది రోజులు.

ఆయనంటే మా కురుమూర్తి స్వామి, ఇక్కడి కొండ మీద వెలసిన వెంకటేశ్వరుడు. మాది మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్ర. ఈ వైపు కుర్మయ్యలు లేని వాడ ఉండదు కాబట్టి చిన్నప్పటి నుంచీ ఆ పేరు నాకు పక్కింటివాళ్ల పేరులాగే వినిపించేది. మిషను ముందు కూర్చుంటే చాలు, ఆయనకు చెప్పడం మొదలవుతుంది. బాబిన్ అయిపోయిందని, అస్తరు గుడ్డ తడిపితే కుంచించుకుపోయిందని, చిన్నదానికి మళ్లీ జలుబని. అవేవీ మొక్కులు కావు. మా అత్తమ్మకు ఇది గిట్టదు. దేవుడితో చేతులు జోడించి మాట్లాడాలంటుంది. చేతులు జోడిస్తే గుడ్డ ఎవరు పట్టుకోవాలి?

ఈ చనువు ఊరికే రాలేదు. కుబేరుడి అప్పు తీర్చలేక, ఆ పోరు పడలేక స్వామి తిరుమల వదిలి ఇటు వచ్చాడని మా వైపు చెప్పుకుంటారు. దారిలో పాదాలు కందుతాయని కృష్ణమ్మ పాదుకలిచ్చిందట. అప్పు చేసిన దేవుడి దగ్గర కిస్తీ మాట ఎత్తడానికి నాకెందుకు సిగ్గు?

ఆ కిస్తీ దగ్గరే తగువు వచ్చింది. ఒక పెళ్లివారికి పద్నాలుగు జాకెట్లు రాత్రులు మేలుకొని కుట్టిచ్చాను. డబ్బులు పెళ్లయ్యాక అన్నారు. పెళ్లయి నెల దాటింది. మహిళా సంఘంలో అందరి ముందూ "వచ్చే వారం కడతాను" అనవలసి వచ్చింది. ఇంటికొచ్చి పటం ముందు నిలబడ్డాను. "నీ బాకీకి కలియుగం చివరిదాకా గడువుంది. నాకు సోమవారం దాకానే" అన్నాను. అంతే, ఆ రోజు నుంచి అగరుబత్తి కూడా వెలిగించలేదు.

మాట్లాడకుండా ఉండటం నేననుకున్నంత తేలిక కాదు. రెండో రోజే ఒక జాకెట్టుకు చేతులు తారుమారుగా వేశాను. ఎవరికి చెప్పుకోను? అత్తమ్మకు చెబితే వీధంతా తెలుస్తుంది.

మాటలు లేకపోయినా జాతర గుర్తుకొస్తూనే ఉంది. దీపావళి తర్వాత చిన్న వడ్డెమాన్ నుంచి స్వామివారి ఉద్దాలు ఊరేగింపుగా కొండకు వస్తాయి. మాదిగ పనివారు నియమంతో తోలు కుట్టి తయారు చేసే పాదరక్షలవి. జనం వాటిని నెత్తికి తాకించుకోవడానికి ఎగబడతారు. నేను ముందు కుట్టు చూస్తాను. అంత మందం తోలులో కుట్టు వంకర పోకుండా నడవాలంటే చెయ్యి ఎంత నొప్పి పెడుతుందో నాకు తెలుసు. కిందటేడు ఆ తోపులాటలోనే అడిగాను, "వీళ్ల కూలి బాకీ పెట్టలేదు కదా?" అని. పక్కనున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

సరే, నిన్నటి సంగతి. నా గొణుగుడికి చిన్నది లేచింది. కళ్లు నులుముకుంటూ వచ్చి, సూది లాక్కుని, ఒక్కసారికే దారం ఎక్కించి, మళ్లీ దుప్పటి కప్పుకుంది. నేను పటం వైపు తిరిగాను.

"నిన్ను పిలిస్తే దాన్ని లేపుతావా? పొద్దున లెక్కల పరీక్ష ఉంది దానికి."